బావురుపిల్లి గారి గృహప్రవేశ పథకం

ఒక పెద్ద అడవిలో అన్ని అడవుల్లోనూ ఉండేవన్నీ ఉండేవి. అదనంగా ఒక పాలక మండలి ఉండేది.

చెట్లు తమంతట తాము పెరిగేవి. వాగు తనంతట తాను పారేది. పొద్దు తనంతట తాను పొడిచేది. వీటన్నిటినీ తన విజయాలుగా చెప్పుకోవడం మండలి పని. ఆ పని అది శ్రద్ధగానే చేసేది.

మండలికి అధ్యక్షుడు అడవిదున్న. అది నెమరు వేస్తూ వినేది. వినడం ఆపేసిన తరువాత కూడా నెమరు ఆపేది కాదు కనుక, ఎప్పుడు ఆపిందో ఎవరికీ తెలిసేది కాదు. కార్యదర్శి ఏదుపంది. ఎవరైనా ప్రశ్న అడిగితే దాని ఒంటి మీద ముళ్ళు లేచేవి. ఆ ముళ్ళకే నిబంధనలని పేరు. ప్రచార బాధ్యత కొండముచ్చుది. అది ఏ చెట్టు మీద ఉంటే ఆ చెట్టు తరఫున మాట్లాడేది.

ఈ అడవి అంచున ఒకప్పుడు మనుషుల పల్లె ఉండేది. ఏ కారణం చేతనో వాళ్ళు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. పశువుల్ని తోలుకుపోయారు, తలుపులు కూడా ఊడబెరుక్కుపోయారు. ఆ వేళకు మేతకని చెలకల్లోకి పోయిన కోళ్ళు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

కోళ్ళకు ఆ ఖాళీ పల్లెలో మిగిలింది ఒక విరిగిన ఎద్దుబండి. చక్రాలు లేక నేలకు ఒరిగిపోయింది. పొద్దు గూకగానే కోళ్ళన్నీ ముందుకు చాచుకుని ఉండే దాని పొడవాటి కర్ర, నొగ మీద వరుసగా ఎక్కి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, కళ్ళు మూసుకునేవి. మరునాడు తెల్లవారేసరికి తరచుగా ఆ వరుసలో ఒక ఖాళీ, నేల మీద కొన్ని ఈకలు కనిపించేవి. ఖాళీ ఎవరి పనో అందరికీ తెలుసు. గుట్ట వెనక ఒక బావురుపిల్లి కాపురముండేది. అది ఎప్పుడు వచ్చేదో, ఎలా ఎత్తుకెళ్ళేదో పక్కనే కూర్చున్న కోడికి కూడా తెలిసేది కాదు.

ఆ కోళ్ళలో చుక్కమ్మ అనే పెట్ట ఉండేది. ఒళ్ళంతా తెల్లచుక్కలు. అది పొదిగిన పిల్లలన్నీ ఒక్కొక్కటిగా ఆ నొగ మీది నుంచే పోయాయి. మిగిలింది ఒక్క కూతురు. కాళ్ళు ఎర్రగా ఉంటాయని దానికి గోరింట అని పేరు పెట్టుకుంది. గోరింట అప్పుడప్పుడే గుడ్డుకు వచ్చే ఈడులో ఉంది. ఈ ఒక్కదాన్నీ గుడ్డు పెట్టే దాకా బతికించుకోవాలి. చుక్కమ్మకు లోకంలో మరో కోరిక లేదు.

అందుకే ఒకనాడు మండలి ముందు నిలబడింది.

"అయ్యా, మేము రాత్రిళ్ళు ఆరుబయట పడుకుంటున్నాం. పిల్లి వచ్చి ఎత్తుకుపోతోంది. నాకున్నది ఒక్క బిడ్డ. తలదాచుకోవడానికి ఒక గూడు ఇప్పించండి."

"పిల్లి వస్తుండగా నువ్వు చూశావా?" అని అడిగింది ఏదుపంది.

"చీకటి పడితే కోడికి కళ్ళు కనిపించవు కదయ్యా."

"చూడకుండా పేరు చెప్పకూడదు. గుర్తు తెలియని జంతువు అను."

"అలాగేనయ్యా. గుర్తు తెలియని ఆ బావురుపిల్లి నుంచి మమ్మల్ని కాపాడండి."

ముళ్ళు లేచాయి. అధ్యక్షుడు నెమరు వేస్తూనే తల ఊపింది. తల ఊపడం నెమరులో భాగమో, అంగీకారమో ఎవరూ తేల్చలేకపోయారు. ఎందుకైనా మంచిదని అంగీకారంగానే రాసుకున్నారు.

గూడు లేచింది. న్యాయంగా చెప్పాలంటే అది మంచి గూడే. కట్టింది వడ్రంగిపిట్ట అయినా గోడలకు చిల్లులు లేవు. వెదురు దబ్బలతో అల్లిక, పైన దట్టంగా బోదగడ్డి, లోపల కూర్చోవడానికి అడ్డకర్రలు, గట్టి తలుపు. ఈ కథలో తప్పు గూటిది కాదు. గూళ్ళది సాధారణంగా తప్పుండదు.

మిట్టమధ్యాహ్నం ప్రారంభోత్సవం చేశారు. కొండముచ్చు గూటి కప్పెక్కి ఉపన్యసించింది. కోళ్ళ తరఫున డేగరాయుడు కృతజ్ఞతలు చెప్పింది. పేరు చూసి భయపడనక్కరలేదు. అది కోడిపుంజే. ఎర్రటి ఈకల వల్ల ఆ పేరు వచ్చింది. ఈకలకు వచ్చిన పేరును అది తన గుణానికి వచ్చిందనుకునేది.

"పై కర్ర ఎవరిది?" అన్నది డేగరాయుడు చేసిన ప్రసంగంలోని ప్రధానాంశం.

"తమదే," అన్నారు మండలివారు.

"అయితే ఈ గూడు చరిత్రాత్మకం."

కోళ్ళన్నీ రెక్కలు కొట్టాయి. చుక్కమ్మ కళ్ళు చెమర్చాయి. గోరింటను ముక్కుతో తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళి, మూల చూపించి, "రాత్రికి ఇక్కడ," అంది.

రాత్రికి కోళ్ళన్నీ బండి నొగ మీద ఉన్నాయి.

ఇందులో కుట్ర లేదు. పొద్దు వాలుతున్నకొద్దీ కోళ్ళ చూపు మసకబారింది. చూపు మసకబారినకొద్దీ కాళ్ళకు బలం వచ్చింది. ఆ కాళ్ళు నిన్న ఎటు నడిచాయో ఇవాళా అటే నడిచాయి. గూటి ముందు నుంచే నడిచాయి. మనం అలవాటును మనకున్న వస్తువుల్లో ఒకటిగా లెక్కవేసుకుంటాం. ఇష్టం లేకపోతే తీసి అవతల పెట్టొచ్చనుకుంటాం. నిజానికి సాయంత్రమయ్యాక మనమే అలవాటు చేతిలో వస్తువులం. చుక్కమ్మ కూడా ఆ వరుసలోనే ఉంది. గోరింటను రెక్క కింద పెట్టుకుని, ఏ నొగ నుంచి పారిపోవాలని గూడు అడిగిందో ఆ నొగనే గోళ్ళతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

మరునాడు మండలి మండిపడింది.

"కృతఘ్నత!" అంది ఏదుపంది.

"అవగాహనా లోపం," అంది కొండముచ్చు. లోపం ఉన్నచోటే దానికి పని ఉంటుంది.

వెంటనే పగటి పూట సదస్సులు మొదలయ్యాయి. కొండముచ్చు కొమ్మ మీద నిలబడి కోళ్ళను ప్రశ్నించేది.

"గూడు ఎవరిది?"

"మాది!"

"రాత్రి పడక ఎక్కడ?"

"గూట్లో!"

"ఇంకా గట్టిగా!"

"గూట్లో!"

ఆ అరుపులకు అవతల కొండ మీది గద్ద కూడా లేచి చూసేది. సాయంత్రం కోళ్ళు అదే ఉత్సాహంతో బండెక్కేవి. పగలు చెప్పిన మాటలో అబద్ధం లేదు, రాత్రి చేసిన పనిలో ద్రోహం లేదు. ఈ రెండూ ఒకే ప్రాణిలో ఉండగలవన్న సంగతి మండలికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలంటే తనను తాను ఒక్కసారి చూసుకోవాలి. మండలికి అంత తీరిక లేదు.

చుక్కమ్మ మళ్ళీ వచ్చింది.

"అయ్యా, తిట్టకండి. పగలు మీ మాట మేము వింటాం. సందెవేళ కాళ్ళు మా మాట వినవు. ఎవరైనా మమ్మల్ని..."

"అర్జీ పెట్టింది ఎవరు? నువ్వా, నీ కాళ్ళా?" అని అడ్డుతగిలింది ఏదుపంది.

"నేనేనయ్యా."

"మరి కాళ్ళ అభిప్రాయంతో మాకేం పని? కూర్చో."

సమస్యకు మూలం బండి అని మండలి తేల్చింది. బండి లేకపోతే కోళ్ళు ఎక్కడికి పోతాయి? చచ్చినట్టు గూటికే పోతాయి. అధ్యక్షుడు స్వయంగా కొమ్ములు ఆనించి బండిని నెట్టుకెళ్ళి లోయలో పడేసింది. తన పదవీకాలంలో అడవిదున్న సొంతంగా చేసిన పని అదొక్కటే. అది చాలా బాగా చేసింది.

ఆ సాయంత్రం కోళ్ళు బండి ఉండే చోటికి వచ్చాయి. బండి లేదు. కాసేపు మెడలు చాచి చూశాయి. తరువాత, నొగ ఉండాల్సిన చోట, అదే వరుసలో, మట్టి నేల మీద కూర్చున్నాయి.

బావురుపిల్లికి ఆ రాత్రి ఎగరవలసిన అవసరం కూడా లేకపోయింది. తెల్లవారేసరికి ఖాళీలు ఎక్కువ, కోళ్ళు తక్కువ. చుక్కమ్మకు ఎడమ పక్కన కూర్చున్న పెట్ట లేదు. కుడి రెక్క కింద గోరింట ఉంది. ఎడమకూ కుడికీ మధ్యనున్న ఆ దూరాన్ని చుక్కమ్మ ఒకసారి చూసుకుని, గోరింటను మరింత దగ్గరికి లాక్కుంది.

అప్పటికి మండలికి ఒక నిజం తట్టింది. కోళ్ళు నిద్రపోయాక, చీకట్లో, చప్పుడు లేకుండా ఎత్తి గూట్లో పెడితే సరిపోతుంది. చీకటి కనుక అవి తిరిగి పోలేవు. కొన్నాళ్ళు తలుపు వేసి ఉంచి, లోపలే గింజలు వేస్తే కాళ్ళు పాత చోటు మరిచిపోయి కొత్త చోటు నేర్చుకుంటాయి. ఉపాయం సరైనదే. సరైన ఉపాయాన్ని సైతం ఎవరి చేతిలో పెట్టాలన్న దగ్గరే పాలన బయటపడుతుంది.

"రాత్రి పని అంటే మనవల్ల కాదు," అంది కొండముచ్చు. "సూర్యాస్తమయంతో మన విధులు ముగుస్తాయి."

"అనుభవజ్ఞుణ్ణి పెట్టుకుందాం," అంది ఏదుపంది.

ప్రకటన వేశారు. నిద్రపోతున్న కోడిని లేవకుండా ఎత్తడంలో అనుభవం ఉండాలన్నారు. అడవి మొత్తం మీద వచ్చింది ఒకే ఒక్క అభ్యర్థి.

బావురుపిల్లి మీసాలు శుభ్రంగా దువ్వుకుని, తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని, వినయంగా కూర్చుంది.

"అనుభవం ఎంత?" అని అడిగింది ఏదుపంది.

"వంశపారంపర్యమండి. మా తాతగారు ఈ రంగంలోనే కన్నుమూశారు."

"ఎత్తేటప్పుడు కోడి అరుస్తుందా?"

"ఇంతవరకూ నా మీద ఫిర్యాదు చేసిన కోడి లేదండి."

"భేష్!" అంది కొండముచ్చు.

చుక్కమ్మ రెక్కలు కొట్టుకుంటూ ముందుకు వచ్చింది. "అయ్యా, ఇదేనయ్యా నా బిడ్డల్ని తిన్నది! దీని నుంచి కాపాడమనేగా నేను గూడు అడిగింది!"

పిల్లి నొచ్చుకుంది. "అక్కా, మన మధ్య ఇన్నాళ్ళ పరిచయం ఉంది. అందరి ముందూ ఇలా మాట్లాడడం బాగుందా?"

"చూడమ్మా," అంది ఏదుపంది, ముళ్ళను సగం లేపి. "ఇక్కడ పరిశీలిస్తున్నది అతని అర్హత. అతని నడవడి మీద నీకేమైనా ఉంటే అది వేరే సంఘం చూస్తుంది. ఆ సంఘాన్ని ఇంకా వేయలేదు."

"అసలు అర్హత ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నారయ్యా?"

 డేగరాయుడు దాన్ని పక్కకు లాగి మందలించింది. "నోరు మూసుకోవే. పై కర్ర నాదని వాళ్ళు మాటిచ్చారు. నీవల్ల అది కూడా పోయేలా ఉంది."

"పై కర్ర మీద కూర్చుంటే నిన్ను తినదా, మావా?"

"తిన్నా ఒక గౌరవం ఉంటుంది."

పిల్లి కొలువులో చేరింది.

ఆ రాత్రి అది తన పని ఎంత నేర్పుగా చేసిందో చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఒక్కొక్క కోడినీ మెడ దగ్గర తోలు పట్టి, పంటి గాటు పడకుండా మోసుకెళ్ళి, అడ్డకర్ర మీద నిలబెట్టి, గోళ్ళు కర్రను పట్టుకునే దాకా ఆగి, మరీ వదిలింది. తల్లులు కూడా పిల్లల్ని అంత జాగ్రత్తగా మోయరు. గోరింటను తీసుకెళ్ళినప్పుడు రెక్క కింద చల్లబడి చుక్కమ్మ ఉలిక్కిపడి లేచింది. అరిచేలోగా తన మెడ మీదా పళ్ళు ఆనాయి. కొద్దిసేపటికి కర్ర మీద, కూతురి వెచ్చని ఒంటి పక్కన నిలబడి ఉంది.

"సుఖంగా ఉందా, అక్కా?" అని చీకట్లో పిల్లి గొంతు వినిపించింది.

"తినవా?" అంది చుక్కమ్మ.

"పనిలో ఉండగా తినను. ఉద్యోగ ధర్మం."

"మరి ఎప్పుడు తింటావు?"

"ముందు ఉద్యోగం పర్మినెంటు కానీ."

తలుపు మూసి, బయట గడియ వేసి వెళ్ళింది.

కొన్నాళ్ళపాటు తలుపు తెరవలేదు. గింజలు లోపలే వేశారు. మొదట్లో కోళ్ళు గోడలు పొడిచాయి, తలుపు దగ్గర గుంపులు కట్టాయి. తరువాత ఊరుకున్నాయి. ఒక ఉదయం తలుపు తీస్తే హాయిగా బయటికి పోయి, మేసి, సందె పడగానే తమంతట తామే, బారులు తీరి గూట్లోకి వచ్చాయి. ఒక్కటి కూడా పాత చోటికి పోలేదు.

మండలి పరవశించింది. కొండముచ్చు చెట్టు చెట్టుకూ దూకుతూ చాటింది. "బలవంతం లేదు! బెదిరింపు లేదు! స్వచ్ఛందంగా నడిచి వస్తున్నాయి!" బావురుపిల్లిని గూటికి శాశ్వత సంరక్షకుడిగా నియమించారు. గడియ దాని అధీనంలో పెట్టారు.

మరునాటి నుంచే కర్ర మీద ఖాళీలు మొదలయ్యాయి.

వెనకటికీ ఇప్పటికీ తేడా లేకపోలేదు. వెనక పిల్లి గాలి వాటం చూసుకుని, బురదలో నడిచి, ఆకు కదిలితే పొదలో దాక్కుని, ఒక్కో రాత్రి ఖాళీ కడుపుతో పోయేది. ఇప్పుడు గడియ తీసుకుని లోపలికి వస్తోంది. వానాకాలంలో తడవడం లేదు.

చుక్కమ్మ మండలికి పరుగెత్తింది. ఏదుపంది సావధానంగా విన్నది.

"తలుపు విరిగిందా?"

"లేదయ్యా."

"గోడకు కన్నం పడిందా?"

"లేదయ్యా. గడియ తీసి దర్జాగా వస్తున్నాడు!"

"అయితే అది దాడి కాదు. సంరక్షకుడు గడియ తీసి లోపలికి రావడాన్ని తనిఖీ అంటారు."

"తనిఖీ అయ్యాక కోడి ఉండడం లేదయ్యా!"

"స్వేచ్ఛగా తిరిగే ప్రాణులు. ఎక్కడికైనా వలస పోయి ఉంటాయి. వెనక బండి మీద ఉన్నప్పుడు పిల్లి దాడులని ఎన్ని గొడవలు! ఈ గూడు వచ్చాక అలాంటి దాడి ఒక్కటైనా జరిగిందా? చెప్పు."

 నిబంధనల ప్రకారం జరగలేదు.

కోళ్ళు తగ్గిపోతున్నాయని చుక్కమ్మ డేగరాయుడితో అంటే అది పై కర్ర మీది నుంచి కిందికి చూసి, "మంచిదేగా," అంది. "ఇంతకుముందు రెక్క చాపుకోవడానికి చోటుండేది కాదు."

ఇక మిగిలింది పారిపోవడం. కానీ ఎలా? పగలు ఎంత దూరమైనా పోవచ్చు. సందెవేళ కాళ్ళు వెనక్కి తెస్తాయి. ఒకప్పుడు బండికి అతుక్కున్నట్టే ఇప్పుడవి గూటికి అతుక్కున్నాయి. గూట్లో చావుందని తలకు తెలుసు. తల మాట పగటి వరకే చెల్లుతుంది.

చుక్కమ్మ వాగు ఒడ్డున చాలాసేపు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించింది. ఆ ఎత్తిపెట్టుకున్న కాలిని చూసుకుంటుంటే ఒక సంగతి మనసులో మెదిలింది. పల్లెలో మనుషులున్న రోజుల్లో ఎవరైనా సంతలో కోడిని కొనుక్కొస్తే, ముందుగా దాని కాలికి గుడ్డపీలిక కట్టి, రెండో కొస పెరట్లో గుంజకు ముడివేసేవారు. ఆ ఇల్లు అలవాటయ్యే దాకా పీలిక విప్పేవారు కాదు. తననూ అలాగే కట్టారు. అప్పుడు అది ఎంత అవమానంగా ఉండేదో కూడా గుర్తుంది.

వాగు ఒడ్డునే ముళ్ళవెదురు డొంక ఉంది. కింద కోడి దూరేంత సందు, పైన మెత్తని పాదాలవాడెవడూ ఎక్కలేనంత ముళ్ళు. పొద్దు ఇంకా నిలువునా ఉండగానే చుక్కమ్మ గోరింటను వెంటబెట్టుకుని అందులో దూరింది. వేలాడుతున్న తిప్పతీగను కాలికి చుట్టుకుంటూ వెదురు మొదలు చుట్టూ తిరిగింది. గోరింటను కట్టనక్కరలేదు, దాని కాళ్ళకు అలవాటైన చోటు తల్లి రెక్క ఒక్కటే.

"అమ్మా, కాలు ఎందుకు కట్టుకుంటున్నావు?" అని అడిగింది గోరింట.

"సాయంత్రానికి నేను నేను కాకుండా పోతానే. గూటికి పోదామంటాను. ఏడుస్తాను, కొడతాను కూడా. అప్పుడు నా మాట వినకు."

"మరి ఎవరి మాట వినను?"

"ఇప్పటి నా మాట విను."

సందె పడింది. చుక్కమ్మ మెడ గూటి వైపు తిరిగింది. ఒక అడుగు వేసింది. తీగ బిగిసింది.

"గోరింటా! పొద్దుపోయింది. పద, ఇంటికి పోదాం."

"వద్దన్నావుగా, అమ్మా."

"ఎప్పుడన్నాను? తీగ తెంపు. అందరూ పోతున్నారు. మన చోటు పోతుంది!"

"నేను తెంపను."

"తల్లి మాట వినవూ? నిన్ను కన్నది ఇందుకేనా? తెంపవే, పాపిష్టిదానా!"

గోరింట ఏడ్చింది. ఏడుస్తూనే తల్లి రెక్క కిందికి దూరింది. కాలు లాగి లాగి, తీగ ఒరుసుకుని తోలు లేచిపోయి, చీకటి పూర్తిగా పడ్డాక చుక్కమ్మ సద్దుమణిగింది. తెల్లవారి కళ్ళు కనిపించగానే తన కాలినీ, కూతురి ముఖాన్నీ చూసి, దాని తల మీది ఈకలు దువ్వుతూ కూర్చుంది. ఆ సాయంత్రం మళ్ళీ కట్టుకుంది. ఆ మరునాడూ కట్టుకుంది. మెల్లగా తిట్లు తగ్గాయి. తరువాత లాగడం తగ్గింది. ఒక సాయంత్రం తీగ వదులుగా వేలాడుతుండగానే, తల్లీకూతుళ్ళు వెదురు కణుపు మీదికి ఎక్కి నిద్రపోయారు.

అటు గూట్లో ఖాళీలు పెరిగి పెరిగి చివరకు పై కర్ర ఒక్కటే నిండుగా ఉంది. అది నిండడానికి డేగరాయుడు ఒక్కడే చాలు. ఒక ఉదయం అడవిలో కోడికూత వినపడలేదు. పొద్దు మాత్రం దానికోసం ఆగకుండా పొడిచింది.

సరిగ్గా అప్పుడే పొరుగు అడవి ప్రతినిధులు ఈ ఆదర్శ గూటిని చూడడానికి వస్తున్నట్టు కబురు పంపారు.

మండలి ముగ్గురూ ముళ్ళవెదురు దగ్గరికి వచ్చారు. ఏదుపంది మొదటిసారిగా ముళ్ళన్నీ పడుకోబెట్టి మాట్లాడింది.

"చుక్కమ్మా, ఒక్క సాయంత్రం. నువ్వూ, నీ బిడ్డా వచ్చి కర్ర మీద కూర్చుంటే చాలు. అడవి పరువు."

"ఇప్పుడైతే వస్తానయ్యా. పగలు మీ మాట కాదన్నానా ఎప్పుడైనా?"

"పగలు కాదు, వాళ్ళు సందెవేళ వస్తారు."

"సందెవేళ నాతో మాట్లాడి లాభం లేదు. కాళ్ళనడగాలి. అవి ఇప్పుడు ఇక్కడివి."

"ఇది అనుమతి లేని నివాసం, తెలుసా?" అని ఉరిమింది కొండముచ్చు.

"లోపలికి వచ్చి ఖాళీ చేయించండయ్యా," అంది చుక్కమ్మ. ముళ్ళు చూసి కొండముచ్చు తోకను వెనక్కి తీసుకుంది.

బావురుపిల్లినే పంపారు. అది ఆ రాత్రి వెదురు మొదట్లో ఒక పాదం మోపి, ముల్లు దిగి, నాకుకుంటూ వచ్చి, "అక్కడ పని పరిస్థితులు బాగాలేవు," అని నివేదించింది. ఉపాయం కూడా అదే చెప్పింది. "మసకచీకటిలో కర్ర మీద ఎవరు కూర్చున్నారో ఎవరికి తెలుస్తుందండి? తలలు కనపడాలి, అంతే."

ప్రతినిధులు వచ్చేసరికి గూటి కర్రల మీద ఏదుపంది, కొండముచ్చు, వాటి కింద పనిచేసే చిన్నాపెద్దా ఉద్యోగులు తలలు రెక్కల్లో దూర్చుకున్నట్టు వంచుకుని కూర్చున్నారు. అధ్యక్షుడు పట్టలేదు కనుక బయట నిలబడి స్వాగతం చెప్పింది.

"ఎంత క్రమశిక్షణ!" అన్నారు ప్రతినిధులు. "ఒక్కటీ కదలడం లేదు. తలుపు ఎలా వేస్తారో కూడా చూపిస్తారా?"

"అదెంత భాగ్యం," అని పిల్లి తలుపు మూసి గడియ వేసింది.

ప్రతినిధులు పొగిడి వెళ్ళిపోయారు. లోపలి నుంచి ఏదుపంది గొంతు వినిపించింది. "వాళ్ళు వెళ్ళారా? ఇక తియ్యి."

"కుదరదండి," అంది పిల్లి, ఎంతో మర్యాదగా. "కొత్తగా చేరినవారిని కొన్నాళ్ళు వదలకూడదు. పద్ధతి తమరే పెట్టారు."

"మేం కోళ్ళం కాదయ్యా!"

"మొదట్లో అందరూ బయటికి పోతామనే అంటారండి. గింజలు వేయమంటారా?"

అధ్యక్షుడు ఇదంతా నెమరు వేస్తూ విన్నది. కొమ్ము ఒక్కటి ఆనిస్తే గూడు కూలుతుంది. కానీ గూడు మండలి ఆస్తి, పైగా పొరుగువాళ్ళు మెచ్చుకుని వెళ్ళినది. అందుచేత తల ఊపింది. పిల్లి దాన్ని అంగీకారంగా తీసుకుంది.

లోపలివాళ్ళు మొదట అరిచారు. తరువాత నిబంధనలు వల్లించారు. తరువాత గింజలు బాగాలేవన్నారు. తరువాత బాగున్నాయన్నారు. చివరకు తలుపు తీస్తే, పగలంతా అడవిలో తిరిగి పదవుల్లో చేయవలసినవన్నీ చేసి, పొద్దు వాలగానే తమంతట తామే బారులు తీరి గూట్లోకి వచ్చారు. పై కర్ర కోసం ఏదుపందీ కొండముచ్చూ రోజూ కొట్లాడుకుంటాయి. అధ్యక్షుడు గుమ్మం ముందు పడుకుంటుంది. అందువల్ల తలుపుకు గడియ అవసరం కూడా తప్పింది.

పిల్లి వాళ్ళను తినలేదు. అధికారంలో ఉన్నవాళ్ళను తినడం దుబారా. ఒకనాటి సాయంత్రం అది గుమ్మంలో నిలబడి, "కుందేళ్ళు కూడా పాపం ఆరుబయట పడుకుంటున్నాయండి," అంది. కర్రల మీది నుంచి తీర్మానం ఏకగ్రీవంగా వచ్చింది.

ఆ రోజుల్లోనే ముళ్ళవెదురు డొంకలో గోరింట మొదటి గుడ్డు పెట్టింది. పెట్టిన సంబరంలో మెడ నిక్కించి కేకేయబోతే చుక్కమ్మ తన రెక్కతో దాని ముక్కు మూసింది.

"అరవకూడదా, అమ్మా? గుడ్డు పెడితే కోళ్ళన్నీ అరుస్తాయిగా?"

"అరిస్తే వింటారే. వింటే మనకు మేలు చేయడానికి వస్తారు."

గోరింట ఆ కేకను మింగేసింది. వెచ్చగా ఉన్న గుడ్డు మీద తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరి తరువాత ఒకరు, చప్పుడు చేయకుండా, ముక్కు ఆనించి చూసుకున్నారు.

ఇందులో నీతి కావాలన్నవారికి ఇంతమాత్రం చెప్పవచ్చు: గూడు ఎవరికోసం కట్టారో వాళ్ళే అందులో బతకాలన్న నియమమేమీ లేదు, కట్టించినవాళ్ళకు అలవాటైతే పథకం విజయవంతమైనట్టే.